ఫోన్‌లో ర్యామ్ పెంచుకునే ముందు టీమక్స్ నేర్చుకోండి

ఫోన్ నుంచే సర్వర్‌లోకి లాగిన్ అయి పని చేసుకునే స్టూడెంట్స్ ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎస్ఎస్‌హెచ్ సెషన్ మధ్యలో కట్ కాకుండా ఉండాలంటే ఏ ఫోన్ కొనాలి?" నా సమాధానం: దీనికోసమైతే ఏదీ కొనొద్దు.

ఎందుకో చెప్తాను. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా, బ్యాటరీ సేవర్ టెర్మినల్ యాప్‌ని మూసేసినా కనెక్షన్ పోతుంది. అప్పుడు సర్వర్‌లో మీ సెషన్‌కి సిగ్‌హప్ అనే సిగ్నల్ వెళ్తుంది. హప్ అంటే హ్యాంగప్, ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో కనెక్ట్ అయిన రోజుల నాటి పేరు. అది అందగానే చాలా ప్రోగ్రామ్‌లు ఆగిపోతాయి. నాలుగు గంటలుగా నడుస్తున్న మోడల్ ట్రైనింగ్ అయినా అంతే. ఫోన్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా నెట్‌వర్క్ మారకుండా ఆపలేదు కదా!

అందుకే సెషన్‌ని కాపాడే పని సర్వర్‌కే అప్పగించాలి. 1987లో వచ్చిన స్క్రీన్, 2007లో వచ్చిన టీమక్స్ చేసేది ఇదే. రెండూ ఫ్రీ. నా ఓటు టీమక్స్‌కి. లాగిన్ అవ్వగానే టీమక్స్ అని కొట్టి, అందులో పని మొదలుపెట్టండి. బయటికి రావాలంటే కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలి, తర్వాత డి నొక్కండి. రేపు ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయి టీమక్స్ అటాచ్ అంటే, వదిలిన చోటే స్క్రీన్ కనిపిస్తుంది.

నోహప్ చాలదా అంటారు కొందరు. పని నడుస్తుంది నిజమే, కానీ మళ్లీ అందులోకి వెళ్లి ఏమీ టైప్ చేయలేరు. మోష్ అయితే నెట్‌వర్క్ మారినా తట్టుకుంటుంది. కానీ ఫోన్ ఆ యాప్‌ని చంపేస్తే పాత సెషన్‌లోకి తిరిగి వెళ్లే దారి ఉండదు. బస్సులో, రైల్లో పని చేసేవాళ్లు మోష్‌లో టీమక్స్ నడుపుకోవడం బెస్ట్.

రెండు జాగ్రత్తలు. సర్వర్ రీస్టార్ట్ అయితే టీమక్స్ కూడా పోతుంది, కాబట్టి ట్రైనింగ్‌కి చెక్‌పాయింట్లు తప్పనిసరి. ఇక గంటల లెక్కన అద్దెకి తీసుకున్న మెషీన్ అయితే, మీరు నిద్రపోయినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. పని అయ్యాక ఆపడం మర్చిపోకండి.

కొత్త ఫోన్ కొనాలనిపిస్తే కెమెరా కోసమో, డిస్‌ప్లే కోసమో కొనుక్కోండి. సెషన్ కోసమైతే పది నిమిషాలు టీమక్స్‌కి ఇవ్వండి, చాలు.