‘అండ్’ పెట్టేస్తే సరిపోతుందా?

మన కాలేజీలో ఎవరినైనా ఆపి “ఇంగ్లీషులో సెంటెన్సులు ఎన్ని రకాలు?” అని అడగండి. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని ఠక్కున చెప్పేస్తారు. బాగా గుర్తున్నవాళ్ళు కాంపౌండ్-కాంప్లెక్స్ కూడా కలుపుతారు. “సరే, వీటితో పనేంటి?” అని అడిగితే మాత్రం “మార్కులు” అంటారు. నా గొడవంతా ఆ జవాబుతోనే.

స్కూల్లో మనం వీటిని లెక్కల్లా నేర్చుకున్నాం. ఒక్క క్లాజు ఉంటే సింపుల్. సొంతంగా నిలబడగల రెండు క్లాజుల్ని ‘అండ్’, ‘బట్’, ‘ఆర్’ లాంటి మాట కలిపితే కాంపౌండ్. ఒకటి నిలబడి, ఇంకొకటి దాని మీద ఆనుకుంటే కాంప్లెక్స్. నిలబడేవి రెండు ఉండి, ఆనుకునేది కనీసం ఒకటి ఉంటే నాలుగో రకం. పేరు గుర్తుపట్టడం వచ్చింది, ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడం వచ్చింది. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు.

ఇదే పాఠం తెలుగు పీరియడ్‌లో కూడా చదివాం, గుర్తుందా? సామాన్య వాక్యం, సంయుక్త వాక్యం, సంశ్లిష్ట వాక్యం. చేసి అంటే క్త్వార్థకం, చేస్తే అంటే చేదర్థకం, చేసినా అంటే అప్యర్థకం. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు ఇంగ్లీష్ క్లాసులో ఎవరూ “ఇది నీకు ముందే తెలుసు” అని చెప్పలేదు. రెండు పీరియడ్ల మధ్య గోడ కట్టేశారు. ఆ గోడ వల్లే మనలో చాలామంది ‘కాంప్లెక్స్’ అనే పేరు వినగానే బెదిరిపోతారు. “వర్షం పడితే మ్యాచ్ ఉండదు” అని రోజూ అనేవాడికి కండిషన్ క్లాజు కొత్తేం కాదు. తెలుగులో క్రియ చివర అతికించేదాన్ని ఇంగ్లీషువాళ్ళు ‘ఇఫ్’ అని విడిగా ముందు పెడతారు, అంతే తేడా.

అయితే అన్నీ ఒకటికొకటి సరిపోవు. “అన్నం తిని వెళ్ళాడు” మనకు సంశ్లిష్టం. అదే ‘హ్యావింగ్ ఈటెన్, హి లెఫ్ట్’ అంటే ఇంగ్లీష్ స్కూల్ గ్రామర్ లెక్కలో సింపుల్! ఎందుకంటే అక్కడ లెక్కపెట్టేది కాలం చూపించే పూర్తి క్రియల్ని. పైగా మన ‘ఇ’ చాలా సర్దుకుపోయే రకం. “తిని వెళ్ళాడు”లో అది ఒకదాని తర్వాత ఒకటి అని చెబుతుంది. “వర్షం పడి రోడ్డు పాడైంది”లో కారణం చెబుతుంది. ఏది ఏదో వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి పట్టేస్తారు. ఆ అలవాటుతోనే మనం ఇంగ్లీషులోకి దిగి, ‘ఇ’ ఉన్న ప్రతిచోటా ‘అండ్’ పెట్టేస్తాం. చిక్కు అక్కడ మొదలవుతుంది.

ల్యాబ్ రికార్డునే తీసుకోండి. “లోడ్ పెరిగి ఫ్యూజ్ పోయింది” అని మనసులో అనుకుని ‘ద లోడ్ ఇంక్రీజ్డ్ అండ్ ద ఫ్యూజ్ బ్లూ’ అని రాస్తాం. గ్రామర్ తప్పేం లేదు. కానీ లోడ్ వల్లే పోయిందని చెప్పామా? లేదు. చదివేవాళ్ళు ఊహించుకోవాల్సిందే. ‘ఆఫ్టర్’ పెడితే వరస మాత్రమే చెప్పినట్టు. ‘బికాజ్’ పెడితే కారణం అదేనని మాట ఇచ్చినట్టు. అప్పుడు వైవాలో “లోడ్ వల్లేనా, ఎక్కడైనా షార్ట్ అయిందా?” అని అడిగితే రుజువు చూపించాల్సింది మనమే. ఒక్క కలిపే మాటలో అంత బాధ్యత ఉంది.

ఇంకో సంగతి. ఏ విషయాన్ని నిలబెట్టాం, దేన్ని ఆనించాం అన్నదాన్ని బట్టి కూడా అర్థం మారిపోతుంది. “మోటారు వేడెక్కినా ఎఫిషియెన్సీ బాగుంది” అంటే చదివినవాళ్ళు ఎఫిషియెన్సీని గుర్తుపెట్టుకుంటారు. “ఎఫిషియెన్సీ బాగున్నా మోటారు వేడెక్కుతోంది” అంటే డిజైన్ మార్చాలేమో అనుకుంటారు. రీడింగులు అవే, తీర్పు వేరు. ‘ఆల్దో’తో ఇంగ్లీషులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. అన్నట్టు, మాటల్లో “వేడెక్కినా కానీ” అంటుంటాం కదా, అందుకే కాబోలు మన రిపోర్టుల్లో ‘ఆల్దో’ తర్వాత ‘బట్’ కూడా వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లీషులో ఒక్కటి చాలు.

“ఇవన్నీ ఎందుకు బాస్, ఏఐకి ఇస్తే దిద్దేస్తుందిగా” అనేవాళ్ళున్నారు. కామాలు దిద్దుతుంది, నిజమే. కానీ ఆ రోజు ల్యాబ్‌లో ఫ్యూజ్ ఎందుకు పోయిందో దానికి తెలీదు, మీకు తెలుసు. మీరు ‘అండ్’ అని వదిలేసిన చోట అది ‘బికాజ్’ పెడితే, మీరు చెప్పని మాట మీ పేరు మీద వెళ్ళిపోతుంది. దాన్ని పట్టుకోవాలన్నా ఈ తేడా తెలియాలి కదా!

పెద్ద వాక్యం రాస్తే గొప్ప ఇంగ్లీష్ అనే భ్రమ కూడా వదిలేద్దాం. సింపుల్ అంటే చిన్నదనీ కాదు, చిన్నపిల్లలదనీ కాదు. “టెస్ట్ ఫెయిలైంది” అన్న ముక్క ఒంటరిగా ఉంటేనే గట్టిగా వినిపిస్తుంది. దానికి నాలుగు క్లాజులు తగిలిస్తే ఏదో దాస్తున్నట్టు ఉంటుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఫస్టియర్ ఇంగ్లీష్ ల్యాబ్‌లో ఒక్క గంట ఇలా పెట్టమనండి: బోర్డు మీద ఒక తెలుగు వాక్యం, దాని కింద దానికి పనికొచ్చే మూడు ఇంగ్లీష్ వాక్యాలు, ఏది ఎందుకు అన్న చర్చ. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఆ రోజు వెనక బెంచీలో కూర్చోరు. ఎందుకంటే ఆ గంటలో వాళ్ళ దగ్గర ఉన్నది లోటు కాదు, పెట్టుబడి. అప్పటిదాకా మీ రికార్డులో ‘అండ్’ కనిపించిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగండి. తర్వాతా, అందువల్లా, అయినానా? తెలుగులో అడిగి చూసుకోండి, జవాబు వచ్చేస్తుంది.