'బలానికి' వేసుకునేవన్నీ బలమేనా?

మన ఇళ్ళల్లో 'మందు' అనే మాటకీ, 'బలానికి' అనే మాటకీ చాలా తేడా ఉంది. మందు వేసుకుంటోందంటే ఆవిడ రోగిష్టిది. బలానికేదో వేసుకుంటోందంటే ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి. అందుకే థైరాయిడ్ మాత్రల సీసా బీరువాలో చీరల వెనక్కి పోతుంది. అశ్వగంధ డబ్బా మాత్రం అందరికీ కనబడేలా డైనింగ్ టేబుల్ మీద దర్జాగా కూర్చుంటుంది.

నాకు హషిమోటో థైరాయిడైటిస్ ఉందని తేలి ఎనిమిదేళ్ళు. పేరు వింతగా ఉంది కదూ! 1912లో హకారు హషిమోటో అనే జపాను డాక్టరు నలుగురు రోగుల థైరాయిడ్ గ్రంథుల్ని పరిశీలించి ఈ జబ్బు గురించి మొదటిసారి రాశాడు. ఆ నలుగురూ ఆడవాళ్ళే. ఇప్పటికీ ఇది మగవాళ్ళకన్నా మనకే ఎన్నో రెట్లు ఎక్కువ. కంచే చేను మేసినట్టు, బయటి శత్రువుల్ని తరమాల్సిన మన రోగనిరోధక శక్తే సొంత గ్రంథి మీద పడి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా దాన్ని తినేస్తుంది. హార్మోను తగ్గిపోయాక నీరసం, జుట్టు రాలడం, మలబద్ధకం, నెలసరి అస్తవ్యస్తం, అందరూ ఫ్యాను వేసుకుంటే మనకి చలి... బయటికి కనబడే గాయం ఒక్కటీ ఉండదు. కాబట్టి ఇంట్లోవాళ్ళు దానికి పెట్టే పేరు 'బద్ధకం'.

రోజూ ఒక థైరాక్సిన్ మాత్ర వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. కొందరికి మాత్రం టీఎస్‌హెచ్ అంకె సరైన చోటికి వచ్చినా ఒంట్లో ఓపిక రాదు. "రిపోర్టు బాగుందమ్మా" అంటాడు డాక్టరు, కళ్ళు అప్పటికే తర్వాతి పేషెంటు మీద ఉంటాయి. రిపోర్టు బాగుంది సరే, నేను బాగాలేనే! ఈ మాట వినేవాళ్ళెవరు? పక్క ఫ్లాటులో ఆవిడ వింటుంది. గంటసేపు కూర్చుని, కాఫీ తాగి, మన గోడంతా విని, చివర్లో సంచీలోంచి ఒక డబ్బా తీస్తుంది. "పూర్తిగా నేచురల్ అండీ, సైడ్ ఎఫెక్టులుండవు" అంటుంది. అంతసేపు ఓపిగ్గా విన్న మనిషి దగ్గర డబ్బా కొనకుండా ఎలా ఉంటాం? అందుకే కొనేవాళ్ళని చూసి నేను నవ్వను. రక్తపరీక్షలో తక్కువుందని తేలాక నేనూ విటమిన్ డి, ఐరన్ వేసుకుంటున్నాను. నా పోట్లాట డబ్బాలతో కాదు, 'సహజం' అనే ఒక్క మాట చూసి ఇక అడగాల్సిందేమీ లేదనుకోవడంతో.

అశ్వగంధ సంగతే చూడండి. 2018లో మన దేశంలోనే, థైరాయిడ్ కొద్దిగా మందగించిన 50 మంది మీద ఎనిమిది వారాలపాటు జరిగిన ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. అశ్వగంధ తీసుకున్నవాళ్ళకి హార్మోను పెరిగింది, టీఎస్‌హెచ్ దిగింది. చిన్న పరీక్షే, అయినా తీసిపారేయలేం. అది పనిచేయదని నేననడం లేదు. పనిచేస్తుంది గనకే భయం! హార్మోనుని పెంచేదాన్ని ఇంకో హార్మోను మాత్ర మీద చెప్పాపెట్టకుండా కలిపితే గుండెదడ, నిద్ర పట్టకపోవడం రావచ్చు. కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా కొన్ని బయటపడ్డాయి. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. గర్భిణులకైతే అసలు పనికిరాదు.

ఇక సముద్రపు నాచు మాత్రలు. థైరాయిడ్ అనగానే చిన్నప్పటి సైన్సు పుస్తకంలో గాయిటర్ బొమ్మ గుర్తొచ్చి, "అయోడిన్ తగ్గిందేమో" అనుకుంటాం. హషిమోటోలో లోపం అయోడిన్‌ది కాదు. పైగా అది అతిగా పడితే గ్రంథి మీద దాడి ఇంకా ముదరొచ్చు. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. నాచు మాత్రల్లో దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. తమాషా ఏమిటంటే, అయోడిన్ కలిపిన ఉప్పు 'కెమికల్' అని మానేసి సైంధవ లవణం వాడే ఇళ్ళల్లోనే ఈ నాచు సీసాలు కూడా కనిపిస్తున్నాయి!

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది బయోటిన్ విషయంలో. జుట్టు రాలుతోందని మనలో సగంమంది ఇది మింగుతున్నాం. మనకి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో ఐదు, పది మిల్లీగ్రాములుంటోంది, అంటే వందల రెట్లు. అది చేసే చిత్రమేమిటంటే, చాలా ల్యాబుల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలో బయోటిన్‌నే వాడతారు. రక్తంలో అది ఎక్కువుంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, హార్మోను ఎక్కువగా కనిపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. నా స్నేహితురాలికి సరిగ్గా ఇదే జరిగింది. రిపోర్టు చూసి డాక్టరు మాత్ర మోతాదు తగ్గించాడు. తగ్గించేసరికి జుట్టు ఇంకా రాలింది. జుట్టు రాలుతోందని ఆవిడ ఇంకో డబ్బా కొంది. "ఇంకేమన్నా వాడుతున్నారా అమ్మా" అని ఆయన అడగలేదు. "అది మందు కాదు కదా" అని ఈవిడ చెప్పలేదు. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపమని ల్యాబు గోడ మీద ఒక కాగితం అంటిస్తే ఏం పోయింది?

సెలీనియం వాడితే యాంటీబాడీలు తగ్గుతాయని కొన్ని పరిశోధనల్లో తేలింది. దానివల్ల మనిషికి ఎంత సుఖమో ఇంకా తేలలేదు. ఎక్కువైతే మాత్రం జుట్టు రాలుతుంది, గోళ్ళు పెళుసవుతాయి. దేనికోసం వేసుకున్నామో అదే తిరిగి ఎదురొస్తుందన్నమాట. ఐరన్, కాల్షియం మంచివే, కానీ థైరాక్సిన్‌తో కలిపి మింగితే దాన్ని ఒంటికి పట్టనివ్వవు. నాలుగు గంటలు ఎడం ఉండాలి. కాఫీ కూడా అంతే, మాత్ర వేసుకున్న అరగంట, గంట తర్వాతే. తెల్లారి కాఫీ చుక్క పడందే కన్ను తెరవలేని వాళ్ళు రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత మాత్ర వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి.

'నేచురల్' అని రాసి ఉన్నంతమాత్రాన లోపల ఏముందో తెలిసినట్టా? 2013లో అమెరికాలో థైరాయిడ్‌కి మంచివని అమ్మే పది రకాల మాత్రల్ని పరీక్షిస్తే, తొమ్మిదింట్లో టీ3 హార్మోను, ఐదింట్లో టీ4 హార్మోను బయటపడ్డాయి. చీటీ లేకుండా అమ్మకూడని హార్మోను మూలిక పేరుతో నడిచిపోయిందన్నమాట. మన దగ్గర ఈ డబ్బాలు చాలావరకు మందుల చట్టం కింద కాదు, ఆహార చట్టం కింద అమ్ముడవుతాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అక్క కూతురికి సంబంధాలు చూస్తున్నారు. దానికీ నా జబ్బే. మూడేళ్ళుగా మాత్ర వేసుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, పెళ్ళయ్యేదాకా మాత్ర ఆపి, మూలికల పొడి వాడమంటోంది అమ్మ. సీసా ఎవరి కంటా పడకూడదట" అంది. పెళ్ళివారికి పొడి డబ్బా కనిపిస్తే 'అమ్మాయికి ఆరోగ్యం మీద శ్రద్ధ' అనుకుంటారు, మాత్రల సీసా కనిపిస్తే బేరం మొదలు! అక్క భయం నాకు అర్థంకాక కాదు. కానీ రేపు పెళ్ళయి కడుపు పండితే? మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి హార్మోనే ఆధారం. అప్పుడు మాత్ర మోతాదు మామూలు కన్నా పాతిక, ముప్ఫై శాతం పెంచాల్సి వస్తుంది. నెల తప్పిందని తెలిసేలోపే కొన్ని వారాలు గడిచిపోతాయి. ఆ వారాల్లో పొడి మీద బతకమంటే ఎలా?

మాత్ర ఆపొద్దన్నాను. పొడి డబ్బా కూడా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. ఆవిడ డబ్బా తిప్పి తిప్పి చూసి, ఏది ఎంత ఉందో రాయలేదు కాబట్టి దీని గురించి ఏమీ చెప్పలేనందట. పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళతో మొదటిరోజే సంగతి చెప్పేయమని కూడా అన్నాను. చెప్తానంది పిల్ల. అక్క మాత్రం నాతో మాట్లాడి పది రోజులైంది.