రెండు జెండాలు

జూలై 4 వచ్చిందంటే మేముండే న్యూజెర్సీలో ఊరంతా బీచ్‌లోనే! 1776లో 13 వలస రాష్ట్రాలు బ్రిటిష్ వాళ్ల నుంచి విడిపోతున్నామని ప్రకటించిన రోజు కదండీ, పైగా ఎండాకాలం సెలవు. మేమూ పిల్లలతో, అత్తయ్యగారితో వెళ్లాం. చుట్టూ అందరూ హాట్‌డాగ్‌లు కాల్చుకుంటుంటే మేం చింతపండు పులిహోర విప్పాం. ఎండకి తొందరగా పాడవదు, చల్లారినా రుచే. అన్నట్టు, కాళ్లు ఆరాక పౌడరు చల్లి దులపండి, ఇసుక ఇట్టే రాలిపోతుంది.

చీకటి పడగానే బాణసంచా మొదలైంది. బాబు నా చేతికి చిన్న జెండా ఇచ్చాడు. పట్టుకోవడానికి మనసొప్పలేదు. ఈ ఏడే ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాను. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కనుక పాత పాస్‌పోర్టు తిరిగిచ్చేశాను. ఆ రాత్రి ఎంత ఏడ్చానో! అత్తయ్యగారు గమనించినట్టున్నారు. "కాపరానికొచ్చి ఇంటిపేరు మార్చుకున్నావు. అంతమాత్రాన మీ అమ్మని మర్చిపోయావటే?" అన్నారు.

జెండా ఊపాను. ఆగస్టు 15న మన మూడు రంగుల జెండా కూడా బాబు చేతే ఎగరేయిస్తాను. రవ్వలడ్డూల పని నాది!