బస్తా మీద ధర రాయకండి

మా దామరచర్ల మండలంలోని వాడపల్లి వద్ద మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమాన్నీ, అక్కడి అగస్త్యేశ్వరాలయాన్నీ ఫొటోలు తీసి ఏళ్ళ తరబడి నా పేజీలలో పెట్టాను. ప్రతి బొమ్మ ట్యాగులోనూ ‘ఎడమకు జరుగు, వెడల్పు 250 పిక్సెళ్ళు, పక్కన 10 పిక్సెళ్ళ జాగా’ అంటూ స్టైలు రాసి, అదే విద్య అనుకున్నాను.

ఊళ్ళో మా పెద్దనాయన ఆ పేజీని ఫోనులో తెరిచిన నాడు నా విద్య బయటపడింది. 360 పిక్సెళ్ళ తెరలో బొమ్మ 250 ఆక్రమించగా, మిగిలిన సందులో నా వచనం వరుసకొక మాట చొప్పున జారిపోయింది. “గుడి కనపడ్తుంది గని, నువ్వు రాసింది సదవొస్తలేదు బిడ్డా” అన్నాడాయన. రెండువందలకు పైబడిన బొమ్మలను ఒక్కొక్కటిగా విప్పి దిద్దటానికి ఒక కార్తీకమాసం పట్టింది.

మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తా మీద బియ్యపు రకం ముద్రిస్తారు. ధర బోర్డు మీద రాస్తారు. ధర మారిన రోజున బోర్డు ఒక్కటీ తుడుస్తారే గాని బస్తాలన్నీ దొర్లించరు. క్లాసు ఆ రకం పేరు. స్టైల్ షీటు ఆ బోర్డు. హాకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించిన ఈ పద్ధతి 1996 డిసెంబరులోనే ప్రమాణమైంది. ఇంకా బస్తాల మీద ధరలు రాస్తూ కూర్చోవటం మన బద్ధకం కాక మరేమిటి?

“మేము రచయితలం, ఆ తంటాలు మాకెందుకు?” అనేవారున్నారు. చదవటానికి వీలుకాని రచన ఎవరికోసం? తెర వెడల్పును బట్టి రూపం మార్చే మీడియా నియమాలను ట్యాగులోని స్టైలులో రాయటం సాధ్యమే కాదు. అవి షీటులోనే ఉండాలి. పైగా ట్యాగులోని మాట షీటులోని మాటను తోసిపుచ్చుతుంది. దాన్ని అణచాలంటే ‘ఇంపార్టెంట్’ అనే సమ్మెట ఎత్తవలసిందే.

“ఎడిటరే ఆ స్టైలు చొప్పిస్తుంది” అంటారు మరికొందరు. చొప్పించినదాన్ని చెరిపివేసే హక్కు మీకు లేదా? ఈమెయిలులో పంపే ఉత్తరానికైతే ట్యాగులోని స్టైలే దిక్కు, ఒప్పుకుంటాను. సొంత పేజీకి ఆ సాకు చెల్లదు.

క్లాసుకు ‘ఎడమబొమ్మ’ అని పేరు పెట్టకండి. ఫోనులో అది ఎడమన ఉండదు. ‘పక్కబొమ్మ’, ‘నిండుబొమ్మ’ అనండి. ఆ పేర్లు తెలుగు లిపిలోనే ఉండవచ్చు, ప్రమాణం అడ్డు చెప్పదు.

ఈసారి బొమ్మ పెట్టేముందు మా పెద్దనాయన ఫోనును ఒక్కసారి తలచుకోండి.