ఇథనాల్ కలిసిన పెట్రోలు: అగ్నిమాపక సన్నాహంలో రావలసిన మార్పు

ఒంటిమిట్ట (కడప జిల్లా): రాష్ట్ర విభజన అనంతరం ఒంటిమిట్ట శ్రీ కోదండరామస్వామి ఆలయంలో శ్రీ సీతారాముల కల్యాణం ప్రభుత్వ లాంఛనాలతో జరుగుచున్నది. రాయలసీమలో ఎండలు ముదిరే చైత్రమాసంలో పెద్దసంఖ్యలో వాహనాలు ఒకేచోట నిలిచే సందర్భమిది. ఆ వాహనాలలోని ఇంధనం స్వభావం నేడు మారినందున, అగ్నిమాపక సన్నాహాన్ని కూడా పునఃపరిశీలించవలసి ఉన్నది.

పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలలో ప్రారంభమైంది. దేశంలో ఈ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది.

నిప్పురవ్వ తగిలితే అంటుకొనేంత ఆవిరిని ద్రవం వెలువరించే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. శుద్ధ ఇథనాల్‌కు ఇది సుమారు 13 డిగ్రీల సెల్సియస్. పెట్రోలుకు సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు. ఈ అంకెలను చూసి ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆలస్యంగా అంటుకొనునని భావించరాదు. మిశ్రమంలో ముందుగా ఆవిరయ్యేవి పెట్రోలులోని తేలికపాటి అంశాలే. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉన్నా మండుతుంది. గాలికంటె బరువైన ఈ ఆవిరి నేలను అంటిపెట్టుకొని పల్లానికి పాకి, దూరాన ఉన్న పొయ్యిని లేదా బీడీ నిప్పును చేరగలదు.

ఇంజనులో మాత్రం ఇథనాల్ మేలు చేస్తుంది. దీని ఆక్టేన్ విలువ అధికమైనందున ఇంధనం అకాలంగా అంటుకొనదు. అయితే లీటరుకు లభించే శక్తి పెట్రోలుకంటె దాదాపు మూడవ వంతు తక్కువ.

అసలు వ్యత్యాసం మంటలను ఆర్పుటలో ఉన్నది. ఇథనాల్ నీటిలో కలిసిపోతుంది, పెట్రోలు కలవదు. నీరు చల్లినప్పుడు ఇథనాల్ నీటితో కలువగా, పెట్రోలు పైకి తేలి మండుతూ విస్తరిస్తుంది. సాధారణ నురుగులోని నీటిని ఇథనాల్ పీల్చుకొనుటవలన ఆ పొర విచ్ఛిన్నమవుతుంది. అందువలననే ఇథనాల్ 10 శాతం మించిన మిశ్రమాలకు ఆల్కహాలును తట్టుకొనే ప్రత్యేక నురుగును నిపుణులు సూచిస్తున్నారు. చిన్న మంటలకు పొడి రసాయన సిలిండరు సరిపోతుంది.

ఉత్సవాల వేళ వాహనాల నిలుపు స్థలాలను వంటశాలలకు దూరంగా ఏర్పరచుట, అగ్నిమాపక వాహనాలలోను, పెట్రోలు బంకులలోను ఉన్న నురుగు ఏ రకమైనదో ముందుగానే సరిచూచుకొనుట అధికారులు తక్షణం చేపట్టదగిన చర్యలు.