క్రొత్త వర్డ్ తెచ్చుకొనుటకు ముందు



ఇంటికి క్రొత్త కుండ వచ్చినపుడు, పాతకుండలోని బియ్యమును దానిలో పోసి చూచుకొనిన పిమ్మటనే పాతదానిని అవతల పెట్టుదుము. ఈపాటి జాగ్రత్త తెలియని యిల్లాలు లేదు. కంప్యూటరు విషయమున మాత్రము మేమీ జాగ్రత్తను మరచితిమి. మా పొరపాటును దాచక చెప్పినచో ఇతరులకైన మేలు కలుగునని యీ నెల దానినే వ్రాయుచున్నాము.

మా నివాసము అంబర్‌పేట. మా అత్తగారికి బతుకమ్మ పాటలన్న ప్రాణము. బాల్యమున తల్లివద్ద నేర్చిన పాటలను 2004లో ఆమె చెప్పుచుండగా మేము వ్రాసికొని, డి.టి.పి. దుకాణమున కొట్టించి, ఆ ఫైలును మా కంప్యూటరులో దాచితిమి. మొత్తము 38 పాటలు. చూచుటకు వలయు ఫాంటును గూడ దుకాణమువారే చేర్చి యిచ్చిరి. ఏటేట ఎంగిలిపూల బతుకమ్మకు ముందు ఆ ఫైలు తెరచి, కావలసిన రెండుమూడు పాటలను మాత్రము కాగితముపై తీసికొనుచుంటిమి.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కును, వర్డ్ 2016, 2019 కూర్పులకును మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు ముగిసినది. పాతదానితో బ్యాంకు పనులు క్షేమము కాదని మా అబ్బాయి చెప్పగా, క్రొత్త కంప్యూటరును, క్రొత్త వర్డును తెచ్చుకొంటిమి. ఫైళ్లన్నియు పెన్‌డ్రైవులో ఉన్నవి గదా యను ధైర్యముతో పాతదానిని తుడిపించి ఇచ్చివేసితిమి.

కొన్నాళ్లకు పొరుగింటి పిల్ల యొక పాట కావలెనని వచ్చినది. ఫైలు తెరచి చూతుము గదా, తెలుగక్షరమొక్కటియు లేదు. అన్నియు ఇంగ్లీషు అక్షరములు, కొక్కెములు, చుక్కలు! క్రింద ఎఱ్ఱగీతలు. ఆ గీతలే తప్పులని తలంచి, వర్డ్ చూపిన దిద్దుబాట్లను కొన్నింటిని ఒప్పుకొని సేవ్ చేసితిమి. పెన్‌డ్రైవులోని ప్రతిపైననే ఈ పని చేసితిమి. అంతకన్న తెలివితక్కువ పని మరియొకటి లేదు. ఎనుబది దాటిన అత్తగారు తెరవైపు చూచి, "నా పాటలు పోయినయా బిడ్డా?" అని మాత్రము అడిగినది. మాకు నోట మాట రాలేదు.

ఇట్లేల జరిగినది? పాత తెలుగు ఫాంటులు పెక్కు వేషధారులవంటివి. ఇంగ్లీషు అక్షరములుండవలసిన స్థానములలో తలకట్టు నొకచోట, గుడి నొకచోట, వత్తు నొకచోట కూర్చుండబెట్టిరి. మనకు కనబడునది తెలుగు. లోపల దాచబడునది ఇంగ్లీషు గుర్తు. ఫాంటున్నంతవరకు వేషము నిలుచును. అది లేనిచో నిజరూపము బయటపడును. పైగా ఏ ఫాంటు అమరిక దానిదే. యూనికోడ్ పద్ధతి యిట్టిది కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు 'క' యన్న ప్రపంచమంతట ఒకే సంఖ్య. 2001 నాటి విండోస్ ఎక్స్‌పితో గౌతమి యను యూనికోడ్ ఫాంటు వచ్చినది. అయినను ముద్రణపనులలో పాత ఫాంటులు చాలకాలము నడచినవి.

కాబట్టి తప్పు క్రొత్త వర్డుది కాదు. ఫైలులో పాత ఫాంటు పేరింకను నిలిచియున్నది. ఆ పేరునుబట్టి, దానికి తగిన మార్పిడి సాధనముతో పాటలను యూనికోడ్ లోనికి మా అబ్బాయి మార్చినాడు. వత్తులు కొన్ని తారుమారైనవి. అత్తగారు పాడుచుండగా మేము దిద్దితిమి. 36 పాటలు దక్కినవి. మేము చెరిపిన రెండింటిలో నొకటి, ఉప్పల్ లోని మా ఆడపడుచు దాచుకొన్న కాగితమునుండి దొరకినది. రెండవది సగమే అత్తగారికి జ్ఞాపకమున్నది. తక్కిన సగము మా తొందరపాటుచేత పోయినది.

క్రొత్త కూర్పునకు మారదలచిన సోదరీమణులకు మా మనవి యిది. పాత కంప్యూటరు నింట నుండగనే మీ తెలుగు ఫైళ్లను క్రొత్తదానిలో తెరచి చూడుడు. ఫాంటు పేరు వ్రాసికొని, ఫాంటు ఫైలును గూడ వేఱుగా దాచుడు. ముఖ్యమైనవానిని పాతదానిలోనే పి.డి.ఎఫ్. గా చేసినచో అక్షరరూపము చెడదు. అక్షరములు గజిబిజిగా కనబడినపుడు దేనిని దిద్దకుడు, సేవ్ చేయకుడు. ప్రతి తీసికొని ఆ ప్రతిపైననే పనిచేయుడు. యూనికోడ్ లోనికి మార్చినవానిని ఇంటి పెద్దలచేత చదివించుడు. తప్పు పట్టగలవారు వారే. కడపట నొక ప్రతిని కాగితముపై తీసి పెట్టెలో పెట్టుడు.

క్రొత్తదానివలన లాభమును లేకపోలేదు. ఇప్పుడు 'గౌరమ్మ' యని కొట్టినచో ఆ పేరున్న పాటలన్నియు క్షణములో కనబడుచున్నవి. ఫోనులో పంపినను చెడుట లేదు. మా పేటలో పూడిపోయిన బతుకమ్మకుంటకు 2025లో మరల నీరు వచ్చినది. వచ్చు పండుగకు ఆ గట్టున అత్తగారి పాటలను మా పొరుగు పిల్లలచేత పాడింపదలచినాము. ఆ సగము పాటను సైతము పాడింతుము. వినినవారిలో తక్కిన సగము తెలిసిన పెద్దమ్మ యొక్కతె యుండునేమో!