ఉపాధి మార్గం: మిఠాయి విద్యకు తొలి మెట్టు

పుదుచ్చేరిలోని మురుంగపాక్కంలో హోటల్ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఒకటి ఉన్నది. అట్టి సంస్థలలో చదివి, విదేశీ నక్షత్ర హోటళ్లలో కేకులు, పేస్ట్రీలు చేయు విభాగమున చేరవలెనని మన యువతీయువకులు పలువురు ఆశించుచున్నారు. ఆశ మంచిదే. అయితే తొలి మెట్టు ఏదో ఇంటిల్లిపాదీ ఎరిగియుండవలెను.

పట్టా ఉన్నను, అనుభవము లేనివారు సాధారణముగా ‘కమీ’ అను క్రింది హోదాలోనే చేరుదురు. పిండి తూచుట, పాత్రలు, బల్లలు శుభ్రపరచుట, వేకువనే ఓవెన్ వద్ద నిలుచుట మొదటి పాఠములు. కూరలో ఉప్పు చేతి అంచనాకు లొంగునేమో గాని, కేకు లొంగదు. నల్ల చాక్లెట్‌ను సుమారు 45 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి, 28కి చల్లార్చి, మరల 31కి తెచ్చిననే దానికి నిగనిగ వచ్చును. ఈ ఓర్పు అలవడినవారే డెమీ చెఫ్, చెఫ్ డి పార్టీ హోదాలకు ఎదుగుదురు.

ఏజెంటు నోట ‘చెఫ్’ అని, ఒప్పందములో ‘కమీ’ అని ఉన్నచో జీతము లెక్క తారుమారగును. కావున హోదా, జీతము, వసతి, పనిగంటలు చదివిన పిమ్మటనే సంతకము చేయవలెను. ఏజెంటు విదేశాంగ శాఖవద్ద నమోదైనవాడా అనునది ‘ఈ-మైగ్రేట్’లో చూడవచ్చును. అతడు తీసుకొనదగిన సేవా రుసుము గరిష్ఠముగా రూ. 30,000, పన్ను అదనము. అంతకు మించి అడిగినచో, పొలము తాకట్టు పెట్టుటకు ముందే ఆగి ఆలోచింపుడు.